విరిగిన మూడో మెట్టు

మొన్న ఆదివారం పొద్దున సన్నీవేల్‌లో మా అమ్మాయి వాళ్ళింట్లో పొయ్యి దగ్గర నిలబడి పెసరట్లు పోస్తున్నాను. వెనక టైల్స్ మీద ఉన్నట్టుండి గుర్రప్పిల్ల దూకినట్టు చప్పుడైంది. ఉలిక్కిపడి చూస్తే ఆరేళ్ళ మనవరాలు. ఒంటి మీద ఇంకా పైజామాయే, కాళ్ళకి మాత్రం నల్లగా మెరిసే బూట్లు, వాటి మీద రిబ్బను ముడులు. అడుగున వేళ్ళ దగ్గర ఒక రేకు, మడమ దగ్గర ఒక రేకు. ట్యాప్ డాన్స్ క్లాసులో చేరి మూడు వారాలయింది.

"తాతా, చూడు. ఇది మా టీచర్‌ది," అని చెప్పి ఒక అడుగు వేసింది. "ఇది మా టీచర్‌కి వాళ్ళ టీచర్ ఇచ్చింది," అని ఇంకొకటి వేసింది. అడుగు వేసే ముందు అది ఎవరిదో చెప్పాలట. చెప్పకుండా వేస్తే టీచర్ ఆపేసి మళ్ళీ మొదట్నించి చేయిస్తుందట.

ఆ ఆచారం ఇంకా బతికే ఉందని నాకు తెలియదు. చేతిలో అట్లకాడ అలాగే ఉంది, కాళ్ళు మాత్రం నా అనుమతి అడగలేదు. తోలు చెప్పులతోనే టైల్స్ మీద ఒక అడుగు వేశాను. నాలుగు దెబ్బల అడుగు అది. మూడోది ఖాళీ. ఆ ఖాళీలో కాలు గాలిలో ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు, కాస్త ఆలస్యంగా కిందికి దిగుతుంది.

పిల్ల నా కాళ్ళ వంకే చూసింది. తర్వాత నా మొహం వంక చూసింది.

"ఇది ఎవరిది తాతా?"

పెసరట్టు మాడింది. ముందు తిను, తర్వాత చెప్తానన్నాను. నలభై ఏళ్ళు దాటింది ఇదే ప్రశ్న ఇంకొకరు నన్ను మైకులో అడిగి. ఆ రోజు కూడా జవాబు నాలుక మీదే ఉంది.

అప్పుడు మేము న్యూజెర్సీలో, ఒక పాత ఎర్ర ఇటుకల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నాకు పన్నెండేళ్ళు. ఎడిసన్‌లో ఇప్పుడు రోడ్డు పొడుగునా కనిపించే మన దుకాణాలు అప్పటికి లేవు. కందిపప్పు కావాలన్నా, బొంబాయి రవ్వ కావాలన్నా అమ్మ రైలెక్కి న్యూయార్క్ వెళ్ళి సంచీ మోసుకుని రావాల్సిందే. నాన్న ఇంజనీరు. రోజూ అదే రైల్లో ఆఫీసుకి వెళ్ళి ఏడింటికి అలిసిపోయి వచ్చేవాడు. బిల్డింగులో తెలుగువాళ్ళు రెండే కుటుంబాలు. మేము, మూడో అంతస్తులో కూచిపూడి ఆంటీ వాళ్ళు.

ఆంటీ శనివారాలు మా అక్కకీ ఇంకో ఇద్దరు ఆడపిల్లలకీ డాన్స్ నేర్పేది. కింది అంతస్తువాళ్ళు కప్పు కూలిపోతోందని గొడవ పెట్టారు. దాంతో క్లాసు బేస్‌మెంట్‌కి మారింది. లాండ్రీ గదికీ బాయిలర్ గదికీ మధ్య ఖాళీ జాగా ఒకటుంది, అక్కడ. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ వాసన వస్తుంది నాకు. వేడి ఇనుము, సబ్బుపొడి, నేలకి రాసే మైనం, వాటి మధ్యలో ఆంటీ కాఫీ ఫ్లాస్కు. అక్కకి తోడుగా వెళ్ళమనేవారు నన్ను. ఓ మూల కామిక్ పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆడపిల్లల డాన్సు చూస్తూ ఎవరికైనా కనపడితే పరువు పోతుందని నా భయం.

ఒక శనివారం ఆంటీ చెక్క మీద కర్రతో తాళం వేస్తూ "తా ధి గి ణ తోం" అంటోంది. ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం. మూడో కాలంలో మా అక్క తడబడి ఆగిపోయింది. ఆంటీ కర్ర ఎత్తి తిట్టబోయింది. ఇంతలో తలుపు దగ్గర్నించి, అక్క ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడ్నించి, మిగతా చప్పుడు వినిపించింది. తక తకిట తక తోం. గాజుపలక మీద గోళీలు ఒలకబోసినట్టు.

తలుపులో చీపురు పట్టుకుని బిల్డింగ్ సూపర్ నిలబడి ఉన్నాడు. మా బాయిలరూ కుళాయిలూ మెట్లూ చూసుకునే మనిషి. నల్లజాతి పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, బక్కపలచన. కాళ్ళకి పని బూట్లు. ఆ బరువు బూట్లతో అంత సన్నటి చప్పుడు ఎలా వచ్చిందో నాకర్థం కాలేదు. ఆంటీకి కూడా కాలేదు. కర్ర అలాగే పట్టుకుని, తెలుగులోనే, "మళ్ళీ అనండి," అంది. అంటే మళ్ళీ వెయ్యమని. ఆయనకి భాష రాదు, విషయం మాత్రం అర్థమైంది. ఇంకోసారి వేశాడు.

ఆ తర్వాత అరగంట ఏం జరిగిందో చెప్పడం కష్టం. ఆంటీ నోటితో జతి చెప్పేది, ఆయన కాళ్ళతో తిరిగి అప్పగించేవాడు. ఆయన ఒకటి వేసేవాడు, ఆంటీ దాన్ని నోటితో పలికి మా అక్క చేత వేయించేది. లాండ్రీకి వచ్చినవాళ్ళు బుట్టలు దింపి నిలబడిపోయారు. నేను కామిక్ పుస్తకం మీద నిలబడి ఉన్నానని చాలాసేపటికి తెలిసింది. చివర్లో ఆంటీ గోడకి చేరేసిన ఇత్తడి పళ్ళెం తీసి, తరంగంలో మేము దీని అంచుల మీద కాళ్ళు పెట్టి ఆడతామని చూపించింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ అంచుని వేలితో తడిమాడు. మీరు లోహం మీద ఎక్కి ఆడతారు, మేము లోహాన్ని కాళ్ళకి కట్టుకుని ఆడతాం, అంతే కదా తేడా అన్నాడు.

సోమవారం స్కూలు నుంచి రాగానే బేస్‌మెంట్‌కి పరిగెత్తాను. నాకు నేర్పమన్నాను. ఆయన చీపురు ఆపకుండానే, నీకు బూట్లున్నాయా అన్నాడు. తను మాత్రం నా వయసులో సోడా సీసా మూతలు బూటు అడుగున గుచ్చుకుని వీధి మూలల్లో ఆడాడట.

ఆయన మామూలు కబురుగా చెప్పిన మాట అది. నేను ఆజ్ఞ అనుకున్నాను. ఆ సాయంత్రమే ఎనిమిది సోడా మూతలు ఏరి, నాన్న సుత్తి దొంగిలించి, స్కూలుకి వేసుకెళ్ళే బూట్లకి మేకులతో కొట్టాను. వంటింటి నేలకి అతికించిన లినోలియం షీటు మొదటి అడుగుకే మూరెడు పొడుగున చీరుకుపోయింది. అమ్మ చూసింది. తిట్లు పడ్డాయి, చెవి కూడా మెలిపడింది. కానీ చప్పుడు వచ్చింది. నా కాళ్ళలోంచి చప్పుడు వచ్చింది. ఆ రాత్రంతా దుప్పటి కింద కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాను.

చలికాలమంతా నేర్చుకున్నాను. ముందు వేళ్ళతో నేలని తుడిచినట్టు ముందుకీ వెనక్కీ కొట్టడం, దాన్ని షఫుల్ అంటారు. తర్వాత మడమ, ఆ తర్వాత రెండూ కలిపి. కళ్ళతో చూసి నేర్చుకోకు, గోడ వైపు తిరిగి విను అనేవాడు. గోడ వైపు తిరిగి వినేవాణ్ణి. వెనక ఆయన వేసేవాడు, బాయిలర్ బుసలు కొడుతూ శ్రుతి ఇచ్చేది.

విరామంలో కథలు చెప్పేవాడు. స్కూల్లో ఏ పుస్తకంలోనూ లేని కథలు. తన ముత్తాతలు బానిసలుగా ఉన్న రోజుల్లో, డోళ్ళు మోగించి ఒకరికొకరు కబురు పంపుకుంటారని యజమానులు భయపడి వాటిని లాగేసుకున్నారట. డోలు పోతే కాళ్ళున్నాయి కదా అని నేలనే డోలు చేసుకున్నారట. పేటల్లో పక్కనే ఐర్లండు నుంచి వచ్చిన కూలీలు ఉండేవాళ్ళు, వాళ్ళకీ కాళ్ళతో ఆడే ఆటలున్నాయి. వాళ్ళది వీళ్ళు చూసి, వీళ్ళది వాళ్ళు చూసి, ఒకళ్ళనొకళ్ళు ఓడించుకోడానికి పోటీలు పడి, చివరికి ఇది పుట్టింది. "దొంగసొత్తు, యంగ్ మ్యాన్, మొత్తం దొంగసొత్తే," అని నవ్వేవాడు. నన్నెప్పుడూ యంగ్ మ్యాన్ అనే పిలిచేవాడు.

థియేటర్లో ఎవరైనా కొత్త డాన్సరు ఆడుతున్నాడంటే మొదటి వరసంతా మిగతా డాన్సర్లే ఉండేవాళ్ళట. ఒక్కడు కూడా మొహం చూడడు, అందరి చూపూ కాళ్ళ మీదే. మధ్యాహ్నం ఆట చూసి అడుగు ఎత్తుకుపోయి సాయంత్రం ఆటలో వేసేవాళ్ళు. దానికి ఎవరికీ కోపం రాదు. కానీ రెండు నియమాలున్నాయి. ఎత్తుకున్నదాన్ని ఉన్నదున్నట్టు వెయ్యకూడదు, నీది ఏదో ఒకటి కలపాలి. ఎవరి దగ్గర ఎత్తుకున్నావో నలుగురిలో చెప్పాలి. ఈ రెండూ తప్పినవాడితో ఇంకెవరూ ఆడరు.

మరి మీరెందుకు మానేశారు సార్ అని అడిగాను ఒకరోజు. నన్నెవరూ మానెయ్యమనలేదన్నాడు. థియేటర్లలో సినిమాలొచ్చాయి, ఇళ్ళల్లో టీవీలొచ్చాయి, పాట మారింది. "ఫోన్ మోగడం మానేసింది. అంతే." అని బాయిలర్ మీటరు చూసి చీటీలో రాసుకున్నాడు.

రవ్వ సంగతి కూడా చెప్పాలి. వేదిక మీద ఇసక చల్లి, దాని మీద బూట్లు జార్చి, అలల చప్పుడు తెప్పించే ఆట ఒకటుందని చెప్పాడు. నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మంచు మీద చల్లే ఇసక డబ్బా చూస్తే ఖాళీ. పైకి పరిగెత్తి అమ్మ బొంబాయి రవ్వ డబ్బా తెచ్చి, రెండు కిలోలూ సిమెంటు నేల మీద పరిచేశాను. ఆయన వచ్చి, ఇంత మెత్తటి ఇసక ఎక్కడ దొరికిందిరా అని మురిసిపోయి, కుడికాలు జార్చాడు. ఉష్... ఉష్... బేస్‌మెంట్‌లోకి సముద్రం వచ్చింది. ఇద్దరం జారుతున్నాం, నవ్వుతున్నాం. అప్పుడే లాండ్రీ బుట్ట చంకన పెట్టుకుని, చీర మీద స్వెట్టర్‌తో అమ్మ దిగింది.

నేల వంక చూసింది. వంగి చిటికెడు తీసి వేళ్ళతో నలిపింది. ఆయన ఒంటికాలి మీద ఆగిపోయాడు. ఏదో పొరపాటు జరిగిందని తెలిసింది, ఏమిటో తెలియలేదు. నేను గోడకి అతుక్కుపోయాను.

అమ్మ వాషింగ్ మెషీన్ మీద బుట్ట పెట్టి, నాతో అంది. "ఆగిపోయారేం? రవ్వ ఎలాగూ పోయింది. పూర్తి చెయ్యమను ఆయన్ని."

ఆయన పూర్తి చేశాడు. అమ్మ చివరిదాకా చూసింది. చూసి, బుట్ట తీసుకుని పైకి వెళ్తూ, "మేష్టారు గారిని శనివారం భోజనానికి రమ్మను," అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆయన పేరు మేష్టారు. ఆ వారం ఉప్మా ఎందుకు లేదని నాన్న అడిగితే రవ్వకి పురుగు పట్టిందని చెప్పింది అమ్మ, నా వైపు చూడకుండా.

మేష్టారు భోజనానికి రాలేదు, అద్దెకున్నవాళ్ళ ఇళ్ళల్లో కూర్చోకూడదని ఆయన నియమం. అందుకని అమ్మ స్టీలు డబ్బాలో పులిహోర పంపేది. మా ఇళ్ళల్లో గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరని నేనే చెప్పాను ఆయనకి. ఆ తర్వాత ఎప్పుడూ డబ్బా ఖాళీగా రాలేదు. కడిగి, తుడిచి, లోపల గుప్పెడు పిప్పర్‌మెంట్లు వేసి ఇచ్చేవాడు.

నాన్నకి తెలిసింది ఒకరోజు. అరవలేదు, కొట్టలేదు. కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని, "ఒరేయ్, మనం ఇంత దూరం వచ్చింది చదువుకోడానిక్కదరా? నేల ఊడ్చేవాళ్ళతో నీకు ఏం పని?" అన్నాడు. అమ్మ ఏదో అనబోతే, "నీకు తెలీదు, ఇక్కడ ఎవరితో తిరిగితే వాళ్ళలాగే చూస్తారు మనల్ని," అన్నాడు. నాన్న చెడ్డవాడు కాదు. ఆఫీసులో ఆయన్నెలా చూసేవాళ్ళో నాకు అప్పుడు తెలియదు. ఆ రోజు నుంచి దొంగతనంగా దిగేవాణ్ణి.

మార్చిలో స్కూల్లో టాలెంట్ షో అన్నారు. మా మ్యూజిక్ టీచర్ ఒక పద్ధతి పెట్టింది. మొదటి బహుమతి వచ్చిన పిల్లవాడికి విద్య నేర్పిన మనిషిని కూడా వేదిక మీదకి పిలుస్తారు. ఆ మనిషి అయిదు నిమిషాలు తన విద్య చూపించాలి. ఆ మాట చెప్పడానికి బేస్‌మెంట్ మెట్లు రెండేసి చొప్పున దూకాను.

మేష్టారు విని, మోకాళ్ళు ఒప్పుకుంటాయో లేదో అడిగి చెప్తానన్నాడు. కానీ మర్నాడు పొద్దున స్కూలుకి వెళ్తుంటే బాయిలర్ గది తలుపు వెనక నుంచి చప్పుడు వచ్చింది. పని బూట్ల చప్పుడు కాదు. తళతళలాడే చప్పుడు. ఆ మర్నాడూ వచ్చింది. ఆ పైరోజు ఇంకా వేగంగా వచ్చింది. ఇరవై ఏళ్ళుగా పెట్టెలో ఉన్న బూట్లు బయటికి వచ్చాయి.

ఆ వారమే నాకు తన అడుగు ఇచ్చాడు. తను పుట్టించిన అడుగు, ప్రతి ఆటలోనూ ఆఖర్న వేసేది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పెద్ద హోటలొకటి ఉండేదట. రాత్రి అక్కడ ఆడాలి, కానీ ముందు గుమ్మంలోంచి రానివ్వరు, నల్లవాళ్ళకి వంటింటి దారే. వంటింటి వెనక నాలుగు మెట్లు. మూడోది విరిగిపోయింది. డాన్సు బూట్లు వేసుకుని చీకట్లో ఎక్కుతుంటే తక్, తక్, అని రెండు మెట్లు, మూడో దాని మీదుగా కాలు గాలిలో దాటి, తక్. మూడేళ్ళు వరసగా ఆ హోటల్లో ఆడాడు. మూడేళ్ళూ ఆ మెట్టు ఎవరూ బాగు చెయ్యలేదు. ఒక రాత్రి ఆ ఎక్కడాన్ని అలాగే తీసుకెళ్ళి వేదిక మీద వేశాడు. ముందు గుమ్మంలోంచి వచ్చినవాళ్ళందరూ లేచి చప్పట్లు కొట్టారట.

"ఖాళీని తొక్కెయ్యకు," అన్నాడు నాతో. "అక్కడ నేనున్నాను."

తర్వాత తన పూర్తి పేరు చెప్పాడు. బిల్డింగులో అందరూ సూపర్ అనేవాళ్ళు, మేము మేష్టారనేవాళ్ళం, ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. నా చేత రెండుసార్లు అనిపించాడు. చెప్తావు కదా అన్నాడు. చెప్తాను సార్ అన్నాను.

శనివారం మధ్యాహ్నం షో. అమ్మ నాకు పట్టు లాల్చీ వేసింది. సోడా మూతలు పోయి, మేష్టారు తెచ్చి బిగించిన అసలు రేకులున్నాయి బూట్లకి. నాన్న వస్తాడనుకోలేదు. కొడుకు డాన్స్ ఐటమ్ అనేసరికి కూచిపూడి ఆంటీ నేర్పిందనుకుని మొదటి వరసలో కూర్చున్నాడు, మెడలో కెమెరా. తెర పక్కనుంచి చూశాను. ఆఖరి వరసలో, తలుపు పక్క కుర్చీలో, గోధుమరంగు సూటు, ఒళ్ళో టోపీ, నలుపూ తెలుపూ కలిసిన బూట్లు. ఆ బూట్లు ఎంత మెరుస్తున్నాయంటే అక్కడ్నించి కూడా కనపడ్డాయి.

ఎలా ఆడానో నాకు గుర్తులేదు. నేల గుర్తుంది. చెక్క నేల, కింద బోలుగా, ఒక దెబ్బ వేస్తే రెండు వినపడేది. ఒళ్ళంతా జ్వరంలా వేడి. చివరికి ఆ అడుగు వేశాను, ఆయన వేసినట్టే, వెంట్రుకవాసి తేడా లేకుండా. మూడో మెట్టు దగ్గర కాలు గాలిలో ఆగినప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టింది. దిగగానే పెద్ద కేక లేచింది. అంత సంతోషం నా జన్మలో అప్పటికి లేదు. నిజం చెప్పాలంటే తర్వాత కూడా చాలా తక్కువసార్లే.

మొదటి బహుమతి నాదే. నీలం రిబ్బను గుచ్చి మ్యూజిక్ టీచర్ మైకు నా నోటి ముందు పెట్టింది. "అద్భుతంగా ఉంది. ఇది ఎవరిది? ఎవరు నేర్పారు నీకు?"

ఆఖరి వరసలో మేష్టారు టోపీ పక్క కుర్చీలో పెట్టాడు. కుర్చీ చేతుల మీద బరువు వేసి సగం లేచాడు.

మొదటి వరసలో నాన్న కెమెరా దించి నా వైపు చూశాడు.

"మా తాతగారు నేర్పారు," అన్నాను. "ఇండియాలో. ఇది మా డాన్సే."

హాలు మళ్ళీ చప్పట్లు కొట్టింది. ఇండియా నుంచి తాతగారు రాలేరు కాబట్టి టీచర్ నవ్వి తర్వాతి పేరు పిలిచింది. సగం లేచిన మనిషి సగంలోనే కాసేపు ఉన్నాడు. తర్వాత పూర్తిగా లేచి, టోపీ తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని, బయటికి వెళ్ళిపోయాడు.

నాన్న చెప్పమనలేదు ఆ అబద్ధం. ఆయన భయం వల్ల చెప్పానని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ చప్పట్లు ఇంకొకరితో పంచుకోవాలనిపించలేదు. నేల ఊడ్చే మనిషి లేచి నా పక్కకి వస్తే, నా మెరుపు తగ్గుతుందనిపించింది. పన్నెండేళ్ళవాడికి అంత లెక్క తెలుసా అంటారేమో. నాకు తెలుసు.

కార్లో నాన్న నవ్వాడు. "మా నాన్న ఎప్పుడ్రా గంతులేసింది? పొలం గట్టు మీద జారిపడ్డం తప్ప," అని నా జుట్టు చెరిపాడు. సంతోషంగా ఉన్నాడు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికెళ్ళాక నన్ను వంటింట్లోకి పిలిచి, పులిహోర డబ్బా చేతిలో పెట్టి ఒక్క మాటే అంది. "వెళ్ళి చెప్పు."

దిగాను. తలుపు ముందు డబ్బా పెట్టాను. తలుపు కొట్టాను. లోపల అడుగులు వినపడగానే పరిగెత్తి మెట్లెక్కేశాను. అది రెండో తప్పు. మొదటిదానికంటే చిన్నదేం కాదు.

బుధవారం డబ్బా తిరిగొచ్చింది. మూత తీయాలంటే భయమేసింది. కడిగి, తుడిచి ఉంది. లోపల గుప్పెడు పిప్పర్‌మెంట్లు, ఎప్పుడూ వేసేటన్నే. అమ్మ వాటిని నాకివ్వలేదు, తనూ తినలేదు. చాలా రోజులు ఆ డబ్బాలోనే ఉండిపోయాయి.

బాయిలర్ గదిలోంచి మళ్ళీ ఆ తళతళల చప్పుడు రాలేదు. ఎదురుపడితే తల ఊపేవాడు, తలుపు పట్టుకునేవాడు. ఆ ఎండాకాలం నాన్న వేరే ఊళ్ళో ఇల్లు కొన్నాడు. సామాన్ల ట్రక్కు వచ్చిన రోజు మేష్టారు సోఫా మోయడానికి సాయం పట్టాడు. నాన్న థాంక్స్ చెప్పి చెయ్యి కలిపాడు. అందరూ కారెక్కాక నేను చివర్న మిగిలాను. చెప్పాలనుకున్న మాట చెప్పకుండా కారు తలుపు పట్టుకున్నాను. ఆయనే వంగి, మెల్లగా అన్నాడు.

"ఆ మెట్టు ఇండియాలో లేదు, యంగ్ మ్యాన్. ఎక్కడుందో నీకు తెలుసు."

కాలేజీలో ఉన్నప్పుడు, ఎనభైలు సగం గడిచాక, ట్యాప్ మళ్ళీ మొదలైంది. ఎక్కడెక్కడో లిఫ్టులు నడుపుతున్న, హోటళ్ళలో పెట్టెలు మోస్తున్న ముసలి డాన్సర్లని వెతికి పట్టుకొచ్చి వేదికలెక్కిస్తున్నారని పేపర్లో చదివాను. న్యూయార్క్‌లో ఒక ఆటకి టిక్కెట్టు కొని వెళ్ళాను. ఎనిమిదిమంది పెద్దవాళ్ళు వరసగా వచ్చారు. ఒక్కొక్కరి కాళ్ళూ చూశాను, తర్వాత మొహాలు. లేడు. అంతకు ముందు వారమే మా పాత బిల్డింగుకి వెళ్ళి అడిగాను. కొత్త సూపర్‌కి ఏమీ తెలియదన్నాడు.

ఆట అయిపోయాక లాబీలో, ఆ ఎనిమిదిమందిలో ఒకాయన బెంచీ మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు. దగ్గరికెళ్ళి మేష్టారి పేరు చెప్పాను. గుర్తు రాలేదు. జనం ఉన్నారు, సిగ్గేసింది, అయినా ఆ అడుగు వేశాను. ఆయన లేసు వదిలేశాడు.

"మెట్లవాడు," అన్నాడు. డాన్సర్లందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్ళట. కరోలినాలో చెల్లెలి దగ్గరకి వెళ్ళి, అక్కడే రెండు చలికాలాల కిందట పోయాడట. ఈ ఆటకి ఆయన్ని కూడా పిలవాలని వెతికారట, చిరునామా దొరికేసరికి ఆలస్యమైంది. తర్వాత నా కాళ్ళ వైపు మళ్ళీ చూశాడు. "అచ్చం అతను వేసినట్టే వేశావు. అతనికి అది నచ్చదు."

ఆ తర్వాత మళ్ళీ వెయ్యలేదు. పెళ్ళయింది, ఉద్యోగం శాంటా క్లారాకి తెచ్చింది, నాన్న పోయాడు, అమ్మ పోయింది. మొన్న ఆదివారం దాకా ఆ అడుగు నా దగ్గర ఊరికే పడి ఉంది.

పిల్ల పెసరట్టు తిని, చేతులు కడుక్కుని, బూట్లు టకటకలాడిస్తూ నా ముందుకొచ్చి నిలబడింది. మరచిపోతుందేమో అనుకున్నాను. మరచిపోలేదు.

"ఇప్పుడు చెప్పు. ఎవరిది?"

ఇందులో ఎవరి పేర్లూ రాయలేదు నేను. ఈ ఒక్కటీ రాయాలి. "వెండెల్ మేబ్రీ," అన్నాను. "వెండెల్ మేబ్రీ గారిది. నాకు నేర్పారు. నేనెవరికీ చెప్పలేదు."

"ఎందుకు చెప్పలే?"

"తప్పు చేశాను."

పిల్ల కాస్త ఆలోచించి, సరే అన్నట్టు తలూపింది. నేర్పమంది. నేర్పాను. పొయ్యి దగ్గర, ఫ్రిజ్‌కి ఎదురుగా, తక్, తక్, ఖాళీ, తక్. మూడోది ఎందుకు లేదని అడిగింది. అక్కడ మెట్టు విరిగిపోయిందన్నాను. మరి ఎందుకు బాగు చెయ్యలేదంది. ఆ గుమ్మంలోంచి వచ్చేవాళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదన్నాను.

అది పిల్లకి నచ్చలేదు. భుజాలు సర్దుకుని, గొంతు సవరించుకుని, లేని జనానికి చెప్పినట్టు, "ఇది వెండెల్ మేబ్రీ గారిది. మా తాతకి ఇచ్చారు," అని ప్రకటించింది. తక్, తక్. మూడో చోట కాలు గాలిలో ఎత్తి, ఆపి, రెండు చేతులతో గట్టిగా చప్పట కొట్టింది. తక్.

"చూశావా, నేను బాగు చేశా," అంది.

తప్పని చెప్పబోతుంటే, నీది ఏదో ఒకటి కలపాలన్న మేష్టారి నియమం గుర్తొచ్చింది. గోడ వైపు తిరిగాను. మళ్ళీ వెయ్యమన్నాను.

ముందు పేరు చెప్పి, అప్పుడు వేసింది.